శుభకృతు నాటి దస్తావేజులో ‘కృష్ణా డిస్ట్రిక్టు’ ఎందుకుంది?

ప్రశ్న:
మా తాతగారి ట్రంకు పెట్టెలో ఒక పాత క్రయ దస్తావేజు దొరికింది. తేదీ ఉన్న అంచును చెదలు తినేయగా ‘శుభకృతు నామ సంవత్సర వైశాఖ’ అన్నంతవరకే మిగిలింది. స్టాంపు మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంది. మా ఊరు బాపట్లకు దగ్గర. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడేవరకు మాది గుంటూరు జిల్లాయేనని పెద్దలు చెబుతారు గాని, ఇందులో ‘కృష్ణా డిస్ట్రిక్టు బాపట్ల తాలూకా’ అని స్పష్టంగా ఉంది. శుభకృతు 1842లోనూ 1902లోనూ వచ్చింది. రాణి 1901 జనవరిలోనే మరణించింది కనుక ఇది 1842 నాటిదని అనుకోవచ్చా? మావాళ్లు కృష్ణ అవతలి నుంచి వచ్చినవారా?

జవాబు 1:
ఈ ఒక్క మాటను బట్టి వలస వచ్చారని అనుకోనక్కరలేదండి, మారింది జిల్లా పేరే. 1859లో పాత గుంటూరు, మచిలీపట్నం జిల్లాలలోని ప్రాంతాలతో కృష్ణా జిల్లా ఏర్పడింది. 1904లో గుంటూరు మళ్లీ విడి జిల్లా అయింది. కాబట్టి 1842లో ‘కృష్ణా డిస్ట్రిక్టు’ అని రాసే వీలే లేదు, మీ దస్తావేజు 1902 నాటిదే. రాణి బొమ్మ చూసి తికమకపడకండి, ముందే అచ్చయిన కాగితం మీద తరువాత రాసుకొని ఉంటారు.

జవాబు 2:
కాగితం వెనక్కి తిప్పి చూడండి. రిజిస్టరు చేసిన దస్తావేజైతే నంబరు, సంవత్సరం, ఒకటవ పుస్తకంలో (స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే రిజిస్టరులో) ఎన్నో వాల్యూము, ఏ పుటలు అన్నది అక్కడ ఉంటుంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) సాధారణంగా 1983 నుంచే వస్తుంది గనుక అంత పాతదానికి పనికిరాదు. ఆ వివరాలతో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి నకలు అడగాలి. ఒకటవ పుస్తకాన్ని చూడమని ఎవరైనా కోరవచ్చు, వారసత్వం రుజువు చేయనక్కరలేదు. ఇక వంశం సంగతికి వస్తే, నా అనుభవంలో అసలు సరుకంతా హద్దులలోనే ఉంటుంది. అమ్మినవారు, కొన్నవారు తండ్రి పేరుతోనే ఆగిపోతారు గాని, నాలుగు దిక్కులా ఉన్న పొలాలు ఎవరివో రాసేటప్పుడు పాలివాళ్లు, వియ్యంకులు అందరూ బయటపడతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వెనుక నంబరు, ‘1902’ రెండూ ఉన్నాయి. హద్దులు భూతద్దంతో చదివాను: ‘తూర్పు: మీ మామగారి చెక్కు’ అని ఉంది. ‘మీ’ అంటే కొన్న మా ముత్తాతగారు, చెక్కు అంటే పొలం ముక్క. మా ముత్తమ్మమ్మగారిది ఏ ఊరో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె పుట్టింటివారి పొలం మా పొలం గట్టునే ఉండేదన్నమాట. వచ్చే వారం నకలు కోసం వెళుతున్నాను, ఆ చెక్కు సర్వే నంబరు కూడా రాసుకొని వస్తాను.