సంక్రాంతి సంబరం, మెల్‌బోర్న్: పిల్లల చేతిపనుల బల్ల దగ్గర ఏం చేద్దాం, ఎవరు ఏం తెస్తారు? (గ్రూపులో ఎవరు చూసే పని పేరుతో వాళ్ళు రాస్తున్నారు)

పిల్లల బల్ల (ప్రస్తుతం అమలాపురం దగ్గర, అమ్మావాళ్ళింట్లో)

అందరికీ నమస్కారమండి. పిల్లల బల్ల పని ఒప్పుకుని ఊరు చెక్కేసిందని అనుకుంటున్నారట, తెలిసింది. ఊళ్ళో కూర్చుని ఆ పనే చేస్తున్నా. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి మా పెరటిగోడ నిండా భోగి పిడకలే. మా అమ్మ పేడ ముద్ద చేసిస్తుంటే మా అన్నయ్య కూతురు, నాలుగేళ్ళది, గోడకి కొట్టి మధ్యలో వేలితో చిల్లు పెడుతోంది. ఒక్కటీ గుండ్రంగా లేదు. అయినా గోడ మొత్తమ్మీద తనవి ఏవో చూపించమంటే తడుముకోకుండా చూపిస్తోంది.

అది చూశాక పోయినేడు మన బల్ల గుర్తొచ్చింది. అమ్మలం కూర్చుని గాలిపటాలు అతికించాం, పిల్లలు పక్కన ఫోన్లు చూసుకున్నారు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంటికెళ్ళేటప్పుడు మా అమ్మాయికి తన గాలిపటం ఏదో తెలియలేదు. అందుకని ఈసారి నాది ఒకటే షరతు: ఎవరు చేసింది వాళ్ళు గుర్తుపట్టాలి. వంకరగా ఉన్నా ఫర్లేదు, పెద్దాళ్ళు సరిచెయ్యకూడదు.

నా ఆలోచన భోగి దండ. పేడ బదులు ఉప్పు పిండి. మైదా రెండు కప్పులు, మెత్తటి ఉప్పు ఒక కప్పు, నీళ్ళు కప్పుకి కాస్త తక్కువ. నీళ్ళ బదులు చల్లారిన కాఫీ డికాక్షన్ పోస్తే రంగు అచ్చం పిడకలాగే వస్తుంది. చపాతీ పిండికన్నా గట్టిగా కలపాలి. పిల్లల అరచేతిలో పట్టేంత, సెంటీమీటరు మందం మించకుండా తట్టించి, చిల్లు మాత్రం వాళ్ళ వేలితోనే పెట్టించండి. పుల్లతో పొడిస్తే ఆరేసరికి బిగుసుకుపోయి తాడు ఎక్కదు.

హాలు పనులు

బాగుంది చెల్లెమ్మా, కానీ ఆ రోజు చేసి ఆ రోజే గుచ్చడం ఎలా? ఉప్పు పిండి నేనూ ఓసారి చేశాను, రెండు రోజులైనా లోపల పచ్చిగానే ఉంది. ఇంకోటి, హాల్లో మంట కుదరదు. బయట కూడా కష్టమే. జనవరి ఎండలు కదా, ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్, అంటే ఆరుబయట మంటల మీద నిషేధం, పెట్టారంటే అగ్గిపుల్ల కూడా గీయలేం. మరి దండ దేంట్లో వేస్తారు?

పిల్లల బల్ల

నిజమే అన్నయ్యా. అందుకే పిడకలు ఎవరింట్లో వాళ్ళు వారం ముందే చేసుకోవాలి. ఓవెన్‌లో వంద డిగ్రీల మీద రెండు మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిరగెయ్యాలి. ఎండలో పెడితే మూడు నాలుగు రోజులు. ఇంటికి సగం కొలత చాలు, పదిహేనుకి తక్కువ రావు. హాల్లో రంగులెయ్యడం, గుచ్చడం మాత్రమే. జనపతాడు కొసకి టేపు చుట్టండి, షూలేసు కొసలా గట్టిగా ఉంటే నాలుగేళ్ళ వాళ్ళు కూడా గుచ్చేస్తారు. కుక్కలున్న ఇళ్ళవాళ్ళు పిడకల్ని అందకుండా పెట్టండి, అంత ఉప్పు కుక్క కడుపులోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. గోధుమ పడని పిల్లలుంటే ముందే చెప్పండి, వాళ్ళకి బియ్యప్పిండితో విడిగా చేద్దాం. ముద్ద కాస్త విరుగుతుంది, అంతే.

మంటకి నారింజ రంగు ముడత కాగితం, అడుగున బ్యాటరీ దీపాలు. దండ అందులో వేసినట్టు వేసి మళ్ళీ తీసుకుని ఇంటికి పట్టుకెళ్తారు. మా అమ్మకి చెప్తే "భోగిలో వేసింది వెనక్కి తీసుకుంటారటే?" అని నవ్వింది.

వంటల టీం

వదినా, ఎలాగూ వస్తున్నావు కదా, ఓ కట్ట కొబ్బరాకులు, రెండు తాటి బుర్రలు, వరికంకుల కుచ్చు ఒకటి పట్టుకురావూ? బండి చేసి తోలిద్దాం 😀

పిల్లల బల్ల

ఎయిర్‌పోర్టులో నన్ను ఆపేస్తే పిల్లల బల్ల నువ్వే చూసుకోవాలి మరి! పచ్చాకులు, ధాన్యం ఆ దేశంలోకి రానివ్వరు. పుల్లలూ నారా లాంటివైనా డిక్లేర్ చెయ్యాల్సిందే. ఈనె చీపురు కూడా వద్దనుకున్నా.

కొబ్బరాకు పంకా మాత్రం కాగితంతో అవుతుంది. రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు రెండు, చెరోటి మధ్యకి మడిచి ఒకదాన్లో ఒకటి దూర్చి లాగితే నాలుగు రెక్కలొస్తాయి. మధ్యలో పుల్ల గుచ్చి పరిగెత్తడమే. పుల్ల మొన ముందే విరిచెయ్యండి. మా నాన్న ఆకుతో చేస్తుంటే వీడియో తీశాను, గ్రూపులో పెడతా. ఆయన చెయ్యి నెమ్మదిగా కదలదు, రెండుసార్లు చూడాల్సి ఉంటుంది.

ఖర్చుల లెక్క

నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదండి, మా మామ్మ కూడా అల్లేది. క్రోషే ఒక బల్ల పెడదామా?

పిల్లల బల్ల

అయిదేళ్ళ వాళ్ళ చేతికి కొక్కెం సూది వద్దండి. కానీ లేసు తెస్తున్నా, నూలే కాబట్టి పెట్టెలో బరువుండదు, పేచీ ఉండదు. లేసు మీద పల్చటి కాగితం పెట్టి క్రేయాన్‌ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే అల్లికంతా పైకి తేలుతుంది. రెండేళ్ళ వాళ్ళు కూడా చెయ్యొచ్చు. మీ మామ్మగారు అల్లినది ఏదైనా ఉంటే తీసుకురండి, రుద్దడానికి కాదు, పిల్లలు చూడ్డానికి.

హాలు పనులు

మాది గంగలకుర్రు. ప్రభ, అదే వెదురు చట్రానికి రంగు గుడ్డలు కట్టి దేవుణ్ణి పెట్టి ఊరేగించేది, అది లేకుండా సంక్రాంతి ఏంటమ్మా? 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటమే ప్రభల తీర్థం. నేను వెదురుతో పదడుగులది కడతాను.

పిల్లల బల్ల

ఆయ్, మీరు కడతారు, పిల్లలు చూస్తారు. మళ్ళీ పోయినేటి కథే!

ఇలా చేద్దాం. కనుమనాడు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే శివుళ్ళు, ప్రభల మీద వస్తారు కాబట్టి మనవీ పదకొండు. అట్టపెట్టెలు మోకాలెత్తున పైన గుండ్రంగా కోసి, అంచుల చుట్టూ గాట్లు పెట్టి ఇస్తే చిన్నాళ్ళు ఆ గాట్లలోంచి రంగు ఊలు చుడతారు. నలభై మంది పిల్లలకి ఒక్కో ప్రభ దగ్గర ముగ్గురో నలుగురో. ఊరిపేరు పెద్ద పిల్లలు తెలుగులో రాస్తారు. వ్యాఘ్రేశ్వరం, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక... మొత్తం జాబితా మీరే ఇవ్వండి. మువ్వలు పెద్దాళ్ళే కట్టాలి, మూడేళ్ళలోపు వాళ్ళ చేతికి విడిగా ఇవ్వద్దు.

హాలు పనులు

మరి తీర్థానికెళ్ళే దారిలో కౌశిక కాలవ దాటించొద్దా? మా ఊరి ప్రభ కాలవలో దిగకపోతే నేనొప్పుకోను.

పిల్లల బల్ల

నీలం చీర నేల మీద పరుస్తాం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దాని మీంచి వస్తాయి. సరేనా అన్నయ్యా? నేనేమో తీర్థం చూడకుండానే 8న బయల్దేరుతున్నా.

బల్ల దగ్గర నిలబడేవాళ్ళు ఆరుగురు కావాలి. వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ళ గురించి ప్రభుత్వం చేసే తనిఖీ) లేనివాళ్ళు ఈ వారమే దరఖాస్తు పెట్టుకోండి, వాలంటీర్లకి డబ్బులుండవు. అట్టలు హాలు అన్నయ్య, ఊలు వంటల టీం, జనపతాడు నేను వచ్చాక కొంటా. పిల్లల కత్తెరలు పదే ఉన్నాయి. ఎడంచేతి కత్తెర ఎవరిదగ్గరైనా ఉంటే చెప్పండి, మా అమ్మాయికి కావాలి.