టమ్మీ టక్ డ్రెయిన్లు: తేదీ చూసి తీయాలా, మి.లీ. చూసి తీయాలా?

పెన్నా ఒడ్డు:
టమ్మీ టక్ అంటే పొట్ట మీది వదులు చర్మం, కొవ్వు తీసేసే ఆపరేషన్. తర్వాత అక్కడ ఊరే నీటిని బయటకి లాగడానికి చర్మం కింద పెట్టే ట్యూబు, దాని చివర నొక్కి మూసే డబ్బా కలిపితే డ్రెయిన్. దాన్ని ఎప్పుడు తీయాలనే విషయంలో రెండు వర్గాలు ఉన్నాయి. పది రోజులు దాటితే ట్యూబు వెంట ఇన్‌ఫెక్షన్ లోపలికి పోతుంది, తేదీ పెట్టుకుని తీసేయాలనేది ఒకటి. ఒక్కో డ్రెయిన్‌లో 24 గంటలకు 30 మి.లీ. లోపు, అదీ వరుసగా రెండు రోజులు వస్తేనే తీయాలనేది రెండోది. నా ఓటు రెండోదానికే. నెల్లూరులో ఆపరేషన్ చేయించుకుని ఉదయగిరికో కనిగిరికో పోయేవాళ్ళకి మొదటిది సుఖంగా కనపడుతుంది. తొందరపడి తీస్తే చర్మం కింద నీరు చేరుతుంది, దాన్నే సెరోమా అంటారు. దాన్ని సూదితో లాగించుకోవడానికి మళ్ళీ అదే బస్సు ఎక్కాలి.

ఒంగోలు డ్రెస్సింగ్ రూమ్:
కొలత సరిగ్గా ఉంటే కదండీ ఆ 30కి విలువ! ఎంత నీరు వచ్చిందో చాలామంది రాసి తెచ్చే చీటీల్లో టైమే ఉండదు. నిన్న మధ్యాహ్నం 2కి ఖాళీ చేసి ఇవాళ ఉదయం 7కి కొలిస్తే అది 17 గంటల లెక్క. అందులో 28 వచ్చిందంటే రోజుకి దాదాపు 40 వస్తున్నట్టే. ఉదయం 7, రాత్రి 7 అని పెట్టుకోండి. కుడి, ఎడమ కలిపి రాయొద్దు, డబ్బాలకి ప్లాస్టర్ అంటించి 1, 2 అని వేయండి. డబ్బా మీది గీతలు ఎక్కువ నీటికి సరిపోతాయి గానీ, 30 దగ్గరకొచ్చాక చిన్న కొలగ్లాసో సిరంజో కావాలి.

ఖాళీ చేసే ముందు ట్యూబు పిండాలి. ఒక చేత్తో చర్మం దగ్గర ట్యూబు గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే కుట్టు లాగుతుంది. రెండో చేతి వేళ్ళతో స్పిరిట్ దూదిని ట్యూబు చుట్టూ నొక్కి, డబ్బా వైపు జారుస్తూ రావాలి. దారాల్లాంటి గడ్డలు కదిలి డబ్బాలో పడతాయి. తర్వాత మూత తీసి, మూత లోపలి భాగం దేనికీ తగలకుండా వంచి పోసి, డబ్బాని పూర్తిగా నొక్కి, నొక్కిపట్టుకునే మూత పెట్టాలి. ముందూ వెనకా సబ్బుతో చేతులు కడగడం మానొద్దు. సగం నిండితే 7 దాకా ఆగొద్దు, అప్పుడే తీసి ఎంతో రాసుకోండి. నిండేకొద్దీ డబ్బా లాగడం తగ్గిపోతుంది.

కావలి ట్రంకురోడ్డు:
అక్కా, కొలత సంగతి ఒప్పుకుంటా. కానీ ట్యూబు కూడా పరాయి వస్తువే గదా. అది లోపల ఒరుసుకుంటా ఉంటేనే కొంచెం నీరు ఊరుతా ఉంటుంది. మూడో వారంలో కూడా 35, 38 దగ్గరే ఊగుతుంటే 30 కోసం ఎన్నాళ్ళు కూర్చుంటారు? రోహిణి కార్తెలో పొట్టకి బిగించిన బెల్టు కింద చెమట, తడి గాజుగుడ్డ, ఆ రంధ్రం. ఇన్‌ఫెక్షన్‌కి ఇంతకంటే ఏం కావాలి? అప్పుడు తీసేసి, నీరు చేరితే సూదితో లాగడమే మేలు.

పెన్నా ఒడ్డు:
మూడో వారం అయితే నేనూ కాదనను, అది సర్జన్ చూసి తేల్చాల్సింది. నా గొడవంతా ఏడో రోజున 70 వస్తున్నా తీసేయమనే వాళ్ళతో. ఇంకో మాట, నీరు తగ్గకపోతే పేషెంటు ఏం చేస్తోందో అడగండి. బిందె ఎత్తినా, వంగి ఊడ్చినా, కింద కూర్చుని లేచినా మర్నాటికి నీరు పెరుగుతుంది. అలాగని మంచానికే అతుక్కోవద్దు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా నడుము కొంచెం వంచి మెల్లగా నడవాల్సిందే. పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని కారప్పొడి అన్నం పెట్టే పథ్యం కూడా కట్టిపెట్టండి. పుండు మానేది ప్రొటీన్‌తోనే.

సింగరాయకొండ:
అసలు డ్రెయినే లేకపోతే? పొట్ట చర్మాన్ని కింది కండరం పొరకి వరుసగా కుట్లేసి అతికించే పద్ధతిని పొల్లాక్ అనే ఇంటిపేరున్న ఇద్దరు సర్జన్లు 2000లోనే ప్రచురించారు. నీరు చేరే ఖాళీయే మిగలదు.

ఒంగోలు డ్రెస్సింగ్ రూమ్:
మంచి పద్ధతేనండీ. ఆపరేషన్ టైం పెరుగుతుంది, సర్జన్‌కి చెయ్యి తిరిగి ఉండాలి. ఇప్పటికే ట్యూబులతో ఇంటికొచ్చినవాళ్ళకి మాత్రం ఆ చర్చతో పనిలేదు.

వాళ్ళకి చెప్పాల్సింది వేరే ఉంది. నీరు ఉన్నట్టుండి 60 నుంచి 5కి పడిపోతే సంబరపడొద్దు. నొక్కి మూసిన డబ్బా నీరు రాకుండానే కాసేపట్లో ఉబ్బితే గాలి లోపలికి పోతోందన్నమాట. మూత, తర్వాత ట్యూబు అతుకు, తర్వాత చర్మం దగ్గర చూడండి. ట్యూబు జారి చిల్లులున్న భాగం బయటకొచ్చి ఉండొచ్చు. దాన్ని లోపలికి తోయొద్దు, ఆస్పత్రికి ఫోన్ చేయండి. డబ్బా నొక్కినట్టే ఉండి, ట్యూబు పక్కనుంచి కారుతూ గుడ్డ తడుస్తుంటే అడ్డుపడినట్టు. పిండి చూడండి, కదలకపోతే ఫోన్ చేయండి. అలాంటి రోజు వచ్చిన 5ని 30 లోపు లెక్కలో వేసుకోకూడదు.

కావలి ట్రంకురోడ్డు:
ఈ లెక్కన సగం మంది "తగ్గిపోయింది" అనేది డబ్బా పనిచేయకే. ఒప్పుకున్నా. బస్సులో ఎట్టా మరి?

ఒంగోలు డ్రెస్సింగ్ రూమ్:
ఎక్కేముందు ఖాళీ చేసి, గుడ్డ సంచిలో పెట్టి మెడకి తగిలించుకోవాలి. సంచి గాయం కంటే కిందే వేలాడాలి. పిన్నీసు డబ్బాకుండే చెవికే గుచ్చాలి, ట్యూబుకి కాదు.

రంగు మొదట ఎరుపు, తర్వాత గులాబీ, చివరికి లేత పసుపు కావాలి. పలచబడ్డాక మళ్ళీ చిక్కటి ఎరుపు వచ్చినా, డబ్బా గబగబా రక్తంతో నిండినా, ఒకవైపు గట్టిగా ఉబ్బినా, వాసనేసినా, జ్వరం 100.4 దాటినా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఉబ్బిందని కాపడం అసలు పెట్టొద్దు. అక్కడ చర్మానికి స్పర్శ ఉండదు, కాలినా తెలియదు.

సింగరాయకొండ:
ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత తీయించుకోవచ్చా? కుట్టు కోసి లాగడమే గదా.

పెన్నా ఒడ్డు:
వద్దు. లాగేటప్పుడు ఇరుక్కుంటే బలవంతం చేయకుండా ఆగడం తెలియాలి, తీశాక చిల్లుల భాగం మొత్తం వచ్చిందో లేదో చూడాలి. ఒకవేళ ఒకటి 20, రెండోది 45 ఉంటే రెండూ ఒకేసారి తీయాలనేం లేదు. 20 వచ్చేది తీయించుకుని, రెండోదానికి చీటీ రాస్తూ ఉండటమే. తీసిన చోట ఒకటి రెండు రోజులు కొంచెం కారుతుంది, గాజుగుడ్డ మారిస్తే సరి. బెల్టు మాత్రం సర్జన్ చెప్పేదాకా విప్పొద్దు.