ఉగాది వేడుక: టీ-షర్టుల ఆర్డరుపై వాలంటీర్ల చర్చ

టీ-షర్టుల బాధ్యత:
అందరికీ నమస్కారం. జర్మనీలో మన సంఘం ప్రతి ఉగాదికీ ఒకే డిజైను టీ-షర్టులను అంచనా మీద తెప్పించి, మిగిలిపోయిన సైజులను తర్వాత ఎవరికో అంటగట్టవలసి వస్తోంది. ఈసారి ఎవరి రంగును, సైజును, పేరును వారే ఆన్‌లైన్‌లో ఎంచుకుని కొనుక్కునే ఏర్పాటు చేద్దామని నా ప్రతిపాదన. లైప్‌జిగ్‌లో 2002లో మొదలైన స్ప్రెడ్‌షర్ట్ వంటి సంస్థలు ఆర్డరు వచ్చాకే ముద్రిస్తాయి కనుక సంఘం డబ్బు సరుకులో ఇరుక్కోదు.

ఒక్కో చొక్కా ధర మాత్రం పెరుగుతుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్, అంటే సిరా దిగే జాలీ అచ్చు, సిద్ధం చేయాలి. ఆ ఖర్చు ఎక్కువ చొక్కాల మీద పంచుకుంటే చవకవుతుంది. నేరుగా బట్ట మీద సిరా చల్లే డిజిటల్ ముద్రణలో ఆ సౌలభ్యం తక్కువ, కానీ ఒక్క చొక్కానైనా వేయించుకోవచ్చు. ఈ అదనపు ధరను సభ్యులు భరిస్తారనే అనుకుంటున్నాను. ఫ్రాంకే, పిల్లర్ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి గడియారాన్ని తామే రూపొందించుకున్నవారు అదే నాణ్యత గల మామూలు గడియారం కన్నా దాదాపు రెట్టింపు ధర పెట్టడానికి సిద్ధపడ్డారు. గడియారం వేరు, టీ-షర్టు వేరు. అంత ఆశ మనకు అక్కర్లేదు లెండి.

కోశాధికారి:
ప్రతిపాదన బాగుందండీ, అయితే ఒక చిక్కు ఉంది. యూరోపియన్ యూనియన్ 2011 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ కొనుగోలును 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉన్నా, కొనుగోలుదారు కోరిన విధంగా ప్రత్యేకంగా తయారు చేసిన వస్తువులకు అది వర్తించదు. పేరు ముద్రించిన చొక్కా బిగుతైందని వెనక్కి పంపడం కష్టం. అందుచేత సెంటీమీటర్లలో కొలతల పట్టిక పెట్టి, మాదిరి చొక్కాలు కొన్ని వచ్చే సమావేశానికి తెప్పిద్దాం. రంగులు కూడా మూడు చాలు; ముప్పై చూపిస్తే ఎవరూ త్వరగా తేల్చుకోరు.

డిజైను బాధ్యత:
మూడు రంగులకు నేనూ సమ్మతిస్తున్నాను. పిల్లల పేర్లు తెలుగులో ఉంటే తాతయ్యలు, అమ్మమ్మలు కూడా తప్పక కొంటారు, కానీ ఆ పేర్లను దుకాణం డిజైను పేజీలో నేరుగా టైపు చేయించవద్దని మనవి. తెలుగు లిపిని సరిగా చూపలేని చోట్ల వత్తులు విడిపోతాయి, గుణింతాలు చెదురుతాయి. "లక్ష్మి" ముక్కలై అచ్చవుతుంది. సభ్యులు ఫారంలో పేరు పంపితే, నేను దానిని బొమ్మగా మార్చి, వారికి చూపించి, సరేనన్నాకే అప్‌లోడ్ చేస్తాను. సంఘం చిహ్నం, సంవత్సరం పేరు మాత్రం ఎవరూ మార్చలేకుండా ఉంచుదాం.

టీ-షర్టుల బాధ్యత:
అలాగేనండీ. ఫారం ఈ ఆదివారం పంపిస్తాను. మాదిరి చొక్కాల ఖర్చుకు కోశాధికారి గారి ఆమోదం కావాలి.