సదరం సర్టిఫికెట్ తీసుకుంటే జీవితాంతం ఆ ముద్రేనా?

హన్మకొండ అక్క: మా తమ్ముడికి స్కిజోఫ్రేనియా. మందులతో నిలకడగానే ఉన్నాడు కానీ ఏ ఉద్యోగంలోనూ నిలవలేకపోతున్నాడు. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి పోదామంటే బాపు ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు?

పరకాల సార్: వద్దమ్మా. ఒకసారి కాగితం మీదకెక్కితే పోదు. నలుగురిలో ‘ఎర్రగడ్డ కేసు’ అయిపోతాడు.

కాజీపేట పిలగాడు: సార్, నాది బైపోలార్. ఏ కాగితమూ లేనప్పుడే మా వాడకట్టులో నన్ను పిచ్చోడన్నారు. ఇంట్లో పొగరుబోతు, బద్ధకస్తుడు. రోగం పేరు తెలిశాకే నాకు ఊపిరాడింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌కు అర్హత వస్తుంది.

పరకాల సార్: అసలు శాతం ఎట్లా వేస్తారు? తింటాడు, నడుస్తాడు.

కాజీపేట పిలగాడు: ‘ఐడియాస్’ అనే కొలమానం ఉంది సార్. తన పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం. వీటితోపాటు ఎంతకాలంగా ఉందో కూడా చూస్తారు.

పరకాల సార్: అంటే డాక్టరు కాసేపు చూసి మనిషిని 45 శాతం అని రాసేస్తాడా?

జమ్మికుంట: ఎవరికైనా అర్ధరాత్రి మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు.

పరకాల సార్: నా ప్రశ్నకు జవాబు రాలేదు. మా మేనల్లుడి మందుల చీటీ ఎవరో చూపిస్తే కుదిరిన సంబంధం తప్పిపోయింది. చెల్లె ఏడుపు నేను చూశాను. శాతం కూడా రాసి ఉంటే ఇంకేమైనా ఉందా?

కాజీపేట పిలగాడు: చెల్లె ఏడుపు చూశారు సరే, మేనల్లుణ్ని అడిగారా? ఇక్కడ కూడా అక్క తమ్ముడు ఏమంటున్నాడని ఒక్కరూ అడగలేదు. నాకు కోపమొస్తే ‘మందేసుకున్నావా’ అంటారు. ఆస్తి కాగితాల మీద సంతకం కావాలంటే మాత్రం ‘నీకు నయమైంది కదా’ అంటారు. నేను రోగినో కాదో ప్రతిసారీ మీరే చెప్తారా?

పరకాల సార్: నిన్ను నేనేమన్నాను బాబూ? సంబంధాల టెన్షన్ నీకు తెలియదు.

హన్మకొండ అక్క: సార్ అన్నదే మా ఇంట్లో అసలు గొడవ. బాపు భయం తమ్ముడి గురించి కాదు, నా పెళ్లి గురించి. ఇప్పుడే తమ్ముణ్ని అడిగాను. పింఛను అక్కర్లేదట, ఉద్యోగానికి పనికొస్తే తీసుకుంటాడట. బాపు సంతకం కావాలా?

కాజీపేట పిలగాడు: మేజరే కదా అక్కా, తనే దరఖాస్తు చేసుకోవచ్చు. పాత చీటీలన్నీ పట్టుకుపొమ్మను. డాక్టరు అడిగితే తననే చెప్పనివ్వండి.