స్నాప్‌కి ముందే ముందుకు తిరిగే రిసీవర్: ఫ్లాగ్ వెయ్యాలా, వదిలెయ్యాలా?

నాలుగో_డౌన్: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్ సూటిగానే ఉంది. స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలెట్టడం) క్షణంలో బంతి ఉన్న జట్టులో, అంటే ఆఫెన్స్‌లో, ఒక్కడే కదలొచ్చు, అదీ పక్కకో వెనక్కో. 2023లో డాల్ఫిన్స్ జట్టు తమ రిసీవర్ (పాస్ పట్టేవాడు) టైరీక్ హిల్‌ని బయటివైపు పరుగెత్తిస్తూ స్నాప్ తీసుకున్నారు, అది సక్రమమే. కానీ ఈ తరహా మోషన్‌లో (స్నాప్‌కి ముందు పరుగు) బంతి కదలకముందే కొందరు ముందుకు తిరిగేస్తున్నారు. చూసీచూడనట్టు వదిలేస్తే ఎలా?

పచ్చగడ్డి: భుజం తిరగ్గానే ఫ్లాగ్ (తప్పుకి రిఫరీ విసిరే జెండా) అంటే కుదరదు బ్రో. మనిషి ఎటు జరుగుతున్నాడన్నదే లెక్క. నడుము, పాదాలు చూడాలి. వేలెడు జరుగుడుకి టచ్‌డౌన్ (బంతిని గోల్‌లైన్ దాటించిన స్కోరు) రద్దు చేస్తే ఆట చూడబుద్ధేస్తుందా?

నాలుగో_డౌన్: వేలెడా? సెకనుకు 8 గజాల వేగంలో ఉన్నవాడు 20 డిగ్రీలు ముందుకు తిరిగితే సెకనులో పదో వంతుకే దాదాపు 10 అంగుళాలు ముందుకొస్తాడు. ఎదుటి కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాచే డిఫెండర్) అప్పటికింకా నిలబడే ఉంటాడు.

చారల_చొక్కా: లైన్ జడ్జ్, డౌన్ జడ్జ్ అనే ఇద్దరు అధికారులు స్క్రిమేజ్ లైన్‌కి (బంతి ఉన్న చోటి గీత) చెరో చివర ఉంటారు. అక్కణ్ణుంచి ముందుకు జరగడం బాగానే తెలుస్తుంది. చిక్కంతా సమయంతోనే. బంతి కదిలిందీ, వాడు తిరిగిందీ ఒకే చూపులో పట్టాలి. అదే చూపుతో ఆఫెన్స్ ముందు వరుసలోని టాకిల్ ఉలిక్కిపడ్డాడా, డిఫెన్స్ న్యూట్రల్ జోన్‌లోకి (రెండు జట్ల మధ్య బంతి పొడవంత ఖాళీ) వచ్చిందా కూడా చూడాలి. టీవీలో ఫ్రేమ్ ఆపి తిట్టడం తేలికేనండీ, కెమెరా లైన్‌కి సూటిగా లేకపోతే ఆ కోణమే మోసం చేస్తుంది.

గోల్‌లైన్_బాబాయ్: చీఫ్స్ రిసీవర్ కడారియస్ టోనీకి మాత్రం వేశారుగా! 2023 డిసెంబర్ 10న బిల్స్ జట్టుతో ఆటలో సహచరుడు కెల్సీ వెనక్కి విసిరిన బంతితో టచ్‌డౌన్ కొడితే రద్దు చేశారు.

చారల_చొక్కా: బాబాయ్, అది మోషన్ కాదు. టోనీ నిలబడ్డ చోటే తప్పు, లైన్ దాటి నిలబడ్డాడు, అంటే ఆఫెన్స్ ఆఫ్‌సైడ్. కదలని మనిషిని చూడ్డానికి బోలెడు సమయం ఉంటుంది. ఆఫ్‌సైడ్, ఇల్లీగల్ మోషన్ రెండింటికీ శిక్ష 5 గజాలే, రెండింటిలోనూ ఆట ఆగదు, డిఫెన్స్ కావాలంటే పెనాల్టీ వద్దనొచ్చు. ఫాల్స్ స్టార్ట్‌కైతే (స్నాప్‌కి ముందే ఆఫెన్స్ ఉలిక్కిపడడం) అక్కడికక్కడే విజిల్.

పచ్చగడ్డి: మరి టైట్ ఎండ్ (సాధారణంగా ముందు వరుస చివర నిలబడి పాస్ కూడా పట్టేవాడు) చోటు మారిన వెంటనే రిసీవర్ మోషన్ మొదలెడితే?

చారల_చొక్కా: టైట్ ఎండ్ ఆగాక 11 మందీ ఒకేసారి పూర్తి సెకను కదలకుండా ఉండాలి, ఆ తర్వాతే మోషన్. లేకపోతే ఇల్లీగల్ షిఫ్ట్. స్నాప్‌కి ముందు అందరూ మళ్ళీ ఒక సెకను ఆగితే తప్పు సరిపోతుంది. హడావిడిగా స్నాప్ తీసుకున్నప్పుడు దొరికిపోయేది ఇక్కడే.

పచ్చగడ్డి: ఇంత తంటా ఎందుకు, కెనడా లీగ్‌లా వదిలెయ్యొచ్చుగా? అక్కడ క్వార్టర్‌బ్యాక్ (స్నాప్ అందుకుని పాస్ విసిరేవాడు) తప్ప వెనకున్నవాళ్ళంతా ముందుకు పరుగెత్తొచ్చు.

నాలుగో_డౌన్: అక్కడ డిఫెన్స్ బంతికి గజం ఎడంగా నిలబడుతుంది, మైదానం వెడల్పు 65 గజాలు. ఇక్కడ 53 చిల్లర. ఆ రూల్ ఒక్కటే పట్టుకొస్తే కార్నర్‌బ్యాక్ గతి అధోగతే.

చారల_చొక్కా: నా మాటైతే, స్నాప్‌కి ముందు ఒక పూర్తి అడుగు ముందుకు పడితే వెయ్యాలి. భుజమొక్కటే తిరిగితే కోచ్‌కి హెచ్చరిక చాలు. రెండోసారి చేస్తే ఫ్లాగే.

నాలుగో_డౌన్: ఆ మొదటిసారి టచ్‌డౌన్ అయితే?