టెన్త్ పిల్లకి ఫిజిక్స్, సోషల్ గైడ్లు కొనివ్వాలా? తెలిసినవాళ్ళు చెప్పండి

సింగ్‌నగర్_అమ్మ
అందరికీ నమస్తే అండీ. మా అమ్మాయి గవర్నమెంటు హైస్కూల్లో టెన్త్. బడిలో ఇచ్చిన పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క తెలుగు. లావు చూస్తేనే గుండె జారుతోంది. సోషల్ తెరిస్తే ఐరోపాలో జాతీయవాదమంట. బిస్మార్క్, కవూర్, మెటర్నిక్... పేర్లు నోరు తిరగక పిల్ల పుస్తకం మూసేస్తోంది. పక్కింటివాళ్ళు ప్రశ్నలు-జవాబుల గైడ్ తెచ్చుకున్నారు. అడిగి తెచ్చి చూశాం, అన్నీ పాయింట్లుగా పొందిగ్గా ఉన్నాయి. కానీ ఫిజిక్స్‌లో ఒక లెక్క దగ్గర అనుమానం వచ్చింది. నాభ్యంతరం 15 సెం.మీ. ఉన్న పుటాకార దర్పణానికి (లోపలికి గుంటగా ఉండే అద్దం) 10 సెం.మీ. దూరంలో వస్తువు పెడితే ప్రతిబింబం ఎక్కడ? గైడ్‌లో "ప్రతిబింబ దూరం −30 సెం.మీ., నిజ ప్రతిబింబం" అనుంది. వాళ్ళ సార్ ఇంకోలా చెప్పారంట. సార్ అసలు గైడే కొనొద్దన్నారు. నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని, అదీ ఆర్ట్స్. ఏం చెయ్యమంటారు?

కృష్ణలంక_కుర్రాడు
కొనేయండి ఆంటీ. ఆలోచించేదేముంది.

బ్రాడీపేట_మాస్టారు
కొనొద్దమ్మా. ముందు లెక్క సంగతి చూద్దాం. మీ అమ్మాయి వాళ్ళ సార్ సరిగ్గానే చెప్పుంటారు. ఇప్పటి పుస్తకంలోని కార్టీజియన్ సంజ్ఞా సంప్రదాయం (దూరాలకి ప్లస్, మైనస్ గుర్తులు వేసే పద్ధతి) ప్రకారం నాభ్యంతరం −15, వస్తు దూరం −10. 1/ప్రతిబింబ దూరం = −1/15 + 1/10 = 1/30. కాబట్టి +30 సెం.మీ. అద్దం వెనక ఏర్పడే మిథ్యా ప్రతిబింబం, నిటారుగా, మూడింతలు పెద్దగా. వస్తువు నాభికీ అద్దానికీ మధ్య ఉందని గమనిస్తే లెక్కతో పని లేకుండానే ఇది చెప్పొచ్చు. వాళ్ళ నాన్న షేవింగ్ అద్దాన్ని మొహం దగ్గర పెట్టుకుని చూడమనండి. గైడ్ అన్నట్టు నిజ ప్రతిబింబమే అయితే గడ్డం పైకీ నుదురు కిందికీ రావాలి. ఎవరికైనా వచ్చిందా?

ఇక సోషల్. జోల్వెరైన్ గురించి గైడ్లలో రాసేది రెండు ముక్కలు: 1834, జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా చొరవతో ఏర్పడిన సుంకాల కూటమి. పాఠంలో ఏముందో చూడండి. 1833లో హాంబర్గ్ నుంచి న్యూరెంబర్గ్‌కి సరుకు తోలే వ్యాపారి 11 చోట్ల ఆగాలి, ఆగినచోటల్లా దాదాపు 5 శాతం సుంకం కట్టాలి. మన కాజ టోల్‌గేటు లాంటివి పదకొండు అని చెబితే గుంటూరు పిల్లలు ఇట్టే పట్టేస్తారు. బట్ట కొలిచే ఎల్లె ఫ్రాంక్‌ఫర్ట్‌లో 54.7 సెం.మీ. అయితే న్యూరెంబర్గ్‌లో 65.6. నాణేలు ముప్పైకి పైగా రకాలు, కూటమి వచ్చాక రెండే. జర్మనీ ఒక్కటి కావాలని కవులతో పాటు వర్తకులు ఎందుకు గోల పెట్టారో ఇది చదివితే తెలుస్తుంది. ఇది తెలిసిన పిల్లకి 1834 అన్న అంకె గుర్తుండకపోయినా ఫరవాలేదు.

పటమట_ఇంజనీరు
మాస్టారూ, −30 తప్పెలా అవుతుందండీ? మేం చదువుకునే రోజుల్లో నిజ ప్రతిబింబానికి ప్లస్, మిథ్యా ప్రతిబింబానికి మైనస్. నాభ్యంతరం +15, వస్తు దూరం +10. 1/15 − 1/10 = −1/30. సమాధానం −30. ఆ లెక్కలతోనే చదివాం, ఉద్యోగాలు చేశాం, రిటైరయ్యాం.

బ్రాడీపేట_మాస్టారు
మీ పద్ధతిలో −30 అంటే మిథ్యా ప్రతిబింబం అనే కదండీ. గైడ్ వాళ్ళు −30 వేసి పక్కన నిజ ప్రతిబింబం అని రాశారు. మీ పద్ధతిలో చూసినా తప్పే, ఇప్పటి పద్ధతిలో చూసినా తప్పే.

పటమట_ఇంజనీరు
నేనడిగింది పక్కన రాసినదాని గురించి కాదు. −30 గురించి. అది సరైనదా కాదా?

బ్రాడీపేట_మాస్టారు
పబ్లిక్ పరీక్షలో కాదు.

పటమట_ఇంజనీరు
అయితే అద్దం పరీక్షని బట్టి ప్రతిబింబం చూపిస్తుందన్నమాట.

కృష్ణలంక_కుర్రాడు
😂

గుణదల_టెన్త్
అక్కడ 11 చోట్ల 5 శాతం అంటే మొత్తం 55 శాతమా సార్? గేటు దాటినప్పుడల్లా ధర పెరుగుతుంది కదా, పెరిగినదాని మీద వేస్తే 71 శాతం వస్తోంది.

బ్రాడీపేట_మాస్టారు
శభాష్. ఈ ప్రశ్న గైడ్ చదివితే పుట్టదు.

గుణదల_టెన్త్
గైడ్ చదువుతూనే అడిగాను సార్.

లక్ష్మీపురం_నాన్న
మాస్టారు గారు చెప్పేవన్నీ వినడానికి బావుంటాయి. మా అనుభవం వినండి. మావాడు టెక్స్ట్‌బుక్కే చదివాడు, నేనే చదివించాను. ప్రీఫైనల్లో 8 మార్కుల ప్రశ్న, జర్మనీని ఒక్కటి చెయ్యాలని కూడిన ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంటు ఎందుకు విఫలమైంది అని. వాడు సొంత మాటల్లో ఒకటిన్నర పేజీ రాశాడు. 1848 మే 18న 831 మంది ప్రతినిధులు సెయింట్ పాల్ చర్చికి ఊరేగింపుగా వెళ్ళడం దగ్గర్నుంచి, ఉద్యమంలో పనిచేసిన ఆడవాళ్ళని లోపల సభ్యులుగా కాకుండా గ్యాలరీలో ప్రేక్షకులుగా కూర్చోబెట్టడం దాకా. ఎన్ని వేశారో తెలుసా? 3. మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "పాయింట్లు ఏవి?" అని రాసి కింద రెండు గీతలు. పక్క కుర్రాడు గైడ్‌లోవి ఆరు పాయింట్లు దించాడు, 7. ఆ రాత్రి మావాడు అన్నం తినలేదు. మర్నాడు నేనే ఏలూరు రోడ్డుకెళ్ళి గైడ్ల సెట్టు కొనుక్కొచ్చాను. ఏ స్కూలో చెప్పను, వాడింకా అక్కడే చదువుతున్నాడు.

బ్రాడీపేట_మాస్టారు
మీవాడు రాసినదాంట్లో ఎందుకు విఫలమైందన్న మాట ఉందా? మీరు చెప్పినదాన్ని బట్టి ఊరేగింపు ఉంది, గ్యాలరీ ఉంది. ఆ సభ కిరీటం ఇవ్వబోతే ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ కాదన్నాడు. సభలో మధ్యతరగతి వాళ్ళదే పెత్తనం, కార్మికుల కోరికలు పట్టించుకోలేదు, దాంతో కింద జనం దూరమయ్యారు. చివరికి సైన్యం వచ్చి సభని చెదరగొట్టింది. అడిగింది అదీ. పాయింట్లుగా రాయకపోవడం వల్ల కాదు, అడిగినదానికి జవాబు రాయకపోవడం వల్ల పోయి ఉంటాయి.

లక్ష్మీపురం_నాన్న
మీరు పేపరు చూడకుండానే దిద్దేస్తున్నారే! అవన్నీ రాశాడండీ. చివర్లో రాశాడు.

బ్రాడీపేట_మాస్టారు
చివర్లో రాస్తే ఎవరు చూస్తారండీ? స్పాట్ వాల్యుయేషన్‌కి వచ్చి చూడండి, ఒక్కో పేపరు మీద మేం ఎంతసేపు నిలబడగలమో. కళ్ళు పాయింట్ల కోసమే వెతుకుతాయి.

తెనాలిరోడ్_బండి
మాస్టారూ, ఇప్పుడు మీరు ఎటువైపు?

నూజివీడు_సీనియర్
అదే నేనూ అడగబోయాను. ఇంతసేపూ చదివి ఊరుకుందామనుకున్నా గానీ వల్ల కాలేదు. మాది తెనాలి పక్క పల్లె. నాన్న కౌలు రైతు. టెన్త్‌లో మాకు ఫిజిక్స్ సారు పోస్టు సగం ఏడాది ఖాళీ. ఇక షేవింగ్ అద్దం ఎవరు పట్టుకొచ్చి చూపిస్తారు? మా మావయ్య విజయవాడ లెనిన్ సెంటర్లో పాత గైడ్ కొనిచ్చాడు, అంతకుముందు చదివినవాడి పెన్సిలు గీతలతో సహా. కుట్లు ఊడిపోతే మా అమ్మ గోనె సంచి దారంతో మళ్ళీ కుట్టింది. దాన్నే నమిలి మింగాను. పదికి పది వచ్చింది, నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. మాస్టారి మాట విని జోల్వెరైన్ కథలు చదువుకుంటూ కూర్చునుంటే ఇవాళ మిర్చి యార్డులో బస్తాలు కుడుతూ ఉండేవాణ్ణి.

బ్రాడీపేట_మాస్టారు
సంతోషం బాబూ. సీటొచ్చాక మొదటి సెమిస్టర్ ఎలా గడిచిందో కూడా చెప్పు. సెలవులకి వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చునే మీ నూజివీడు పిల్లల్ని చూస్తుంటాను. ఇళ్ళలో బల్బుల్ని సమాంతరంగా ఎందుకు కలుపుతారంటే మూడు పాయింట్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. రెండు 60 వాట్ల బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, పెడితే ఒక్కోటి ఎన్ని వాట్లతో వెలుగుతుందంటే నేల చూపులు. ఒక్కోదానికి సగం వోల్టేజి, కాబట్టి నాలుగో వంతు, 15 వాట్లు.

పటమట_ఇంజనీరు
15 కాదు. ఫిలమెంటు తక్కువ వేడెక్కితే నిరోధం కూడా తగ్గుతుంది. 15 కన్నా ఎక్కువే ఉంటుంది.

బ్రాడీపేట_మాస్టారు
టెన్త్ స్థాయిలో నిరోధం మారదనే అనుకుంటామండీ.

పటమట_ఇంజనీరు
−30 దగ్గర మాత్రం స్థాయి గుర్తు రాలేదే.

నూజివీడు_సీనియర్
మాస్టారూ, నేల చూపులు చూసేది మేమేనా? మొదటి సెమిస్టర్ కష్టంగానే గడిచింది. ఎవరికి గడవలేదు? ఒక్క మాట అడుగుతాను, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. మీ అబ్బాయి ఎక్కడ చదివాడు?

బ్రాడీపేట_మాస్టారు
అది ఇక్కడ అనవసరం.

నూజివీడు_సీనియర్
ఎందుకనవసరం? నేను చెప్పనా? ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో చదివి ఉంటాడు. లక్షలు కట్టుంటారు.

బ్రాడీపేట_మాస్టారు
కట్టాను. నా పీఎఫ్ మీద అప్పు తీసి కట్టాను. నువ్వెవరయ్యా అడగడానికి? ఇంతకీ ఈ గైడ్లు రాసేవాళ్ళలో నువ్వూ ఒకడివా, ఏంటి ఇంత వెనకేసుకొస్తున్నావు?

లక్ష్మీపురం_నాన్న
ఇద్దరూ కాస్త ఆగండి. పాపం ఆవిడ ఏదో అడిగింది.

నూజివీడు_సీనియర్
ఆగుతానండీ, ఈ ఒక్కటీ చెప్పి. మాస్టారు గారి అబ్బాయికి టెన్త్‌లో ఎన్నొచ్చినా ఇబ్బంది లేదు. డబ్బు కడితే ఇంటర్ సీటు ఉంది, ఆ తర్వాత జేఈఈనో ఈఏపీసెట్టో తేలుస్తుంది. వాడికి టెన్త్ అంటే నేర్చుకునే ఏడాది. అర్థం చేసుకుంటూ, తప్పులు చేసుకుంటూ చదవచ్చు. మాలాంటివాళ్ళకి టెన్తే ఎంట్రన్స్. ట్రిపుల్ ఐటీలో టెన్త్ మార్కుల మీదే సీటు, వేరే పరీక్ష లేదు. గవర్నమెంటు బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు, అయినా ఒకటి రెండు మార్కుల్లో ఆరేళ్ళ చదువు చేజారిపోతుంది. హాస్టలూ భోజనమూ ఉండి బీటెక్ దాకా నడిచే చదువది. మాలాంటి ఇళ్ళ పిల్లకి ఆ 8 మార్కుల జవాబు ఎర్ర పెన్ను ఆయన వెతికే పాయింట్లలో ఉండాలి. మీరే అన్నారుగా, కళ్ళు వాటికోసమే వెతుకుతాయని. ఆ పాయింట్లు బడిలో ఎవరూ చెప్పనప్పుడు గైడే మాస్టారు.

బ్రాడీపేట_మాస్టారు
ఇప్పుడు అసలు సంగతికొచ్చావు. నా గొడవా అదే. పేదవాడి పిల్లకి పాయింట్లు, డబ్బున్నవాడి పిల్లకి అర్థం చేసుకునే తీరిక, ఇది నువ్వు మామూలే అంటున్నావు. నేను మామూలే అనను. ఫిజిక్స్ పోస్టు సగం ఏడాది ఖాళీ అన్నావే, దాని గురించి ఊళ్ళో ఒక్కరైనా ఎంఈఓ ఆఫీసుకెళ్ళి అడిగారా? గైడ్ ఉందిగా, నడిచిపోతుందిలే అనుకున్నారు. గైడ్ ఉన్నంతకాలం ఆ ఖాళీ ఎవరికీ కనపడదు.

నూజివీడు_సీనియర్
అడిగారండీ. మా నాన్నే వెళ్ళాడు, ఇంకో నలుగురితో. ట్రాన్స్‌ఫర్లు అయ్యాక వస్తారన్నారు. వచ్చారు, ఫిబ్రవరిలో. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. మధ్యలో నన్నేం చెయ్యమంటారు? ఉద్యమం చెయ్యమంటారా?

తెనాలిరోడ్_బండి
ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. మా ఇంట్లోనూ ఇదే గొడవ, నేనూ మా ఆవిడా.

గుణదల_టెన్త్
డెన్మార్క్, ఆస్ట్రియా, ఫ్రాన్స్. ప్రష్యా ప్రధాని బిస్మార్క్ చేసిన యుద్ధాల వరస. డె-ఆ-ఫ్రా అని గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు. సింగ్‌నగర్ ఆంటీ, మీ అమ్మాయికి చెప్పండి.

బ్రాడీపేట_మాస్టారు
ఏడేళ్ళలో మూడు యుద్ధాలు, మూడింట్లోనూ ప్రష్యాదే గెలుపు. 1871 జనవరిలో ఓడిపోయిన ఫ్రాన్స్ గడ్డ మీదే, వెర్సాయ్ ప్యాలెస్‌లో, ప్రష్యా రాజు మొదటి విల్‌హెల్మ్‌ని జర్మనీ చక్రవర్తిగా ప్రకటించారు. 1849లో ప్రజల సభ ఇవ్వబోయిన కిరీటాన్ని అన్న నాలుగో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ కాదంటే, సైన్యం తెచ్చిపెట్టినదాన్ని తమ్ముడు పెట్టుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి అమ్మా, పాఠం సగం వచ్చేసినట్టే. డె-ఆ-ఫ్రా మాత్రమే అయితే పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే పోతుంది.

నూజివీడు_సీనియర్
పరీక్ష హాల్లో ఉన్నంతసేపు ఉంటే చాలు మాస్టారూ.

పటమట_ఇంజనీరు
−30 గురించి నాకింకా జవాబు రాలేదు.

సింగ్‌నగర్_అమ్మ
ఇంతమంది ఇంత వివరంగా రాశారు, అందరికీ దండాలండీ. మా అమ్మాయికి మొత్తం చదివి వినిపించాను. సార్ కూడా +30 అనే చెప్పారంట. షేవింగ్ అద్దం మా ఇంట్లో లేదు, గరిటె లోపలి వైపు కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని చూసింది. దూరం పెడితే తలకిందులుగా ఉందమ్మా అని అప్పట్నించీ దాన్ని వదలట్లేదు, కూర కలపడానికి లేదు. ట్రిపుల్ ఐటీ సంగతి నాకు ఇంతవరకూ తెలియదు, రేపు బడిలో అడుగుతాను. సోషల్‌కి గైడ్ కొందామనుకుంటున్నాం. ఫిజిక్స్‌కి ఆలోచిస్తాం.

బ్రాడీపేట_మాస్టారు
ఆదివారం గుంటూరు రాగలిగితే పిల్లని తీసుకురండి. కాంతి, విద్యుత్తు రెండు పాఠాలూ చెబుతాను. ఫీజు ఏమీ వద్దు.

సింగ్‌నగర్_అమ్మ
ఆదివారం కూడా బడిలో స్పెషల్ క్లాసులున్నాయండీ. స్లిప్ టెస్ట్ అంట.

కృష్ణలంక_కుర్రాడు
ఆంటీ, కొత్తది కొనకండి, నా దగ్గర నిరుటి సోషల్ గైడ్ ఉంది. సగం ధరకి ఇచ్చేస్తా. పటం పేజీ ఒకటి చిరిగింది, అంతే.