పేరు కొన్నవాళ్లకు చరిత్ర కూడా వస్తుందా?

అట్టవెనక:
మూతపడ్డ, చేతులు మారిన ప్రచురణ సంస్థల జాబితా ఒకటి తయారుచేస్తున్నాను. ఒక్క గడి దగ్గర బండి ఆగింది: స్థాపించిన సంవత్సరం.

కాన్‌స్టబుల్ అనే బ్రిటిష్ ప్రచురణ సంస్థ సంగతే చూడండి. ఆర్చిబాల్డ్ కాన్‌స్టబుల్ 1795లో ఎడిన్‌బరోలో వ్యాపారం మొదలుపెట్టాడు. స్కాట్లండ్ నవలాకారుడు వాల్టర్ స్కాట్ నవలలు వేసి పేరు తెచ్చుకున్నాడు. 1826లో సంస్థ దివాలా తీసింది, దాంతోపాటే స్కాట్ కూడా అప్పుల్లో కూరుకుపోయాడు. చాలా ఏళ్లకు, 1890లో, మనవడు లండన్‌లో అదే పేరుతో కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ తన పుట్టుక 1795 అనే చెప్పుకుంటూ వచ్చింది. అరవై ఏళ్లకు పైగా లేని సంస్థకు వయసు ఎలా పెరుగుతుందండీ? నేనైతే 1890 అనే వేస్తాను.

గుమాస్తా:
ఒప్పుకోను. కుటుంబం పుస్తకాల పని మానెయ్యలేదు. కొడుకు థామస్ ఎడిన్‌బరోలోనే అచ్చు పని నడిపాడు. మనవడు ఆ ఇంట్లోంచే వచ్చాడు. తాత మూసిన దుకాణం మనవడు తెరిస్తే "మా తాతల నాటిది" అనుకోవడంలో తప్పేముంది? కొనేవాడు చూసేది పేరు. రిజిస్ట్రేషన్ కాగితం ఎవడు చూస్తాడు?

చిట్టాపద్దు:
గుమాస్తా గారూ, పేరును పక్కనపెట్టి ఆస్తి ఎటు పోయిందో చూడండి. కథ మొత్తం మారిపోతుంది.

దివాలా తీసేనాటికి కాన్‌స్టబుల్ దగ్గర విలువైనవి రెండు: ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా, స్కాట్ నవలల హక్కులు. బ్రిటానికాను 1827లో ఆడమ్ బ్లాక్ కొన్నాడు. నవలలు రాబర్ట్ కాడెల్ చేతికొచ్చాయి. ఇతను కాన్‌స్టబుల్‌కు భాగస్వామి, ఒకప్పటి అల్లుడు కూడా. కాడెల్ చేసిన పని నాకు భలే నచ్చుతుంది. ఉన్న నవలలనే స్కాట్ చేత కొత్త పీఠికలు, నోట్సు రాయించి, 1829 నుంచి నెలకో సంపుటం చొప్పున అయిదు షిల్లింగులకు అమ్మాడు. మొత్తం 48 సంపుటాలు. అప్పటికి కొత్త నవల మూడు సంపుటాలు కలిపి గినీన్నర ఉండేది, అంటే ముప్ఫై ఒకటిన్నర షిల్లింగులు. మామూలు పాఠకుడికి అంత స్తోమత ఎక్కడిది? స్కాట్ అప్పు తీరడానికి ఈ చౌక ముద్రణే పెద్ద దన్ను అయింది.

కాడెల్ పోయాక 1851లో ఆ హక్కులను ఆ ఆడమ్ బ్లాక్ సంస్థే, ఎ అండ్ సి బ్లాక్, కొంది. ఆ బ్లాక్‌ను 2000లో లండన్ ప్రచురణ సంస్థ బ్లూమ్స్‌బరీ కొంది. అంటే తాత ఆస్తి బ్లూమ్స్‌బరీ దారిలో వెళ్లింది. కాన్‌స్టబుల్ పేరేమో 1999లో రాబిన్సన్ అనే మరో ప్రచురణ సంస్థతో కలిసి, 2014లో "లిటిల్, బ్రౌన్" సంస్థ ద్వారా దాని మాతృసంస్థ హాచెట్‌కు చేరింది. ఇప్పుడు చెప్పండి, వారసుడెవరు?

గుమాస్తా:
స్కాట్ కాపీరైట్లు ఎప్పుడో తీరిపోయాయి కదండీ. ఇప్పుడు మిగిలింది పేరే. పేరున్నవాడే వారసుడు.

నాలుగోపేజీ:
ఆ సూత్రంతో మ్యాక్‌మిలన్ అనే ప్రచురణ సంస్థ దగ్గరికి వెళ్తే బోల్తా పడతాం. నేను హక్కుల అనుమతుల పని చేస్తాను, ఇది నాకు రోజూ ఉండే తలనొప్పి.

పాత పుస్తకం టైటిల్ పేజీ వెనక "మ్యాక్‌మిలన్, న్యూయార్క్" అని ఉంటుంది. జనం నేరుగా ఇవాళ్టి మ్యాక్‌మిలన్‌కు రాస్తారు. కానీ ఆ న్యూయార్క్ కంపెనీ గత శతాబ్దం మధ్యలోనే లండన్ మాతృసంస్థ నుంచి విడిపోయింది. 1988లో బ్రిటిష్ పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ దాన్ని సుమారు 260 కోట్ల డాలర్లకు కొన్నాడు. 1991లో ఆయన చనిపోయాక సామ్రాజ్యం కుప్పకూలింది, 1994లో కంపెనీ సైమన్ అండ్ షూస్టర్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ చేతికి వెళ్లింది. ఇవాళ అమెరికాలో మ్యాక్‌మిలన్ అని బోర్డు పెట్టుకున్నది జర్మనీకి చెందిన హోల్ట్‌జ్‌బ్రింక్ వాళ్ల సంస్థ. లండన్ మ్యాక్‌మిలన్ కూడా వాళ్లదే, కానీ అమెరికాలో ఆ పేరు వాడుకునే హక్కును 2001లో పియర్సన్ అనే బ్రిటిష్ సంస్థ దగ్గర కొన్నారు. పేరు ఒకటే, పాత కాంట్రాక్టులు మరొకరి దగ్గర. పేరున్నవాడే వారసుడంటే నా ఉత్తరాలన్నీ తప్పు చిరునామాకే పోతాయి.

అట్టవెనక:
అయితే కొనుగోలు పత్రాల వరసనే చరిత్రగా తీసుకుంటే సరిపోతుంది కదా? తేదీలుంటాయి, గొడవుండదు.

ఎర్రసిరా:
అక్కడే నా అభ్యంతరం. ఉల్‌స్టైన్ గురించి ఏం రాస్తారు? 1877లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబం పెట్టిన సంస్థ. 1934లో నాజీలు దాన్ని అసలు విలువలో చిన్న వంతుకు బలవంతంగా అమ్మించారు. 1937లో పేరు కూడా తీసేసి డాయిచర్ ఫెర్లాగ్ చేశారు. పత్రం ఉంది, సంతకం ఉంది, తేదీ ఉంది. మీ జాబితాలో అది "యాజమాన్య మార్పు" అని ఒక్క ముక్కలో పడితే అబద్ధం రాసినట్టే. 1952లో కుటుంబానికి తిరిగొచ్చింది, పదేళ్లు తిరక్కుండానే ఆక్సెల్ స్ప్రింగర్ చేతికి పోయింది. "కొన్నారు", "లాక్కున్నారు" అనే తేడా ఆ గడిలో కనబడాలి.

ఇంకోటి. పేరు, పత్రాలు అని కొట్టుకుంటున్నారు గానీ, రచయితల మాటేమిటి? ఫిషర్ అనే జర్మన్ ప్రచురణ సంస్థ యజమానులు ప్రవాసం వెళ్లాక, జర్మనీలో మిగిలిన భాగాన్ని నాజీల కాలంలో పీటర్ జూర్‌కాంప్ నడిపాడు. యుద్ధం తర్వాత ప్రవాసం నుంచి తిరిగొచ్చిన యజమాని బెర్మన్ ఫిషర్‌తో పొత్తు కుదరక 1950లో విడిపోయారు. ఎవరితో వెళ్లాలో రచయితలనే తేల్చుకోమన్నారు. 48 మందిలో 33 మంది జూర్‌కాంప్ వైపు వెళ్లారు, హెర్మన్ హెస్సే సహా. ఫిషర్ పేరు ఒక చోట, రచయితల్లో ఎక్కువమంది మరో చోట. నన్నడిగితే 1950 దగ్గర గీత రెండుగా చీల్చి చూపించాల్సిందే.

గుమాస్తా:
సరే, ఆ లెక్కన కాన్‌స్టబుల్‌కు కూడా రెండు గీతలు గీయండి. కానీ 1795ను మాత్రం కొట్టెయ్యొద్దు.

చిట్టాపద్దు:
కొట్టెయ్యక్కర్లేదు. "1795 అని సంస్థ చెప్పుకుంది" అని రాసి, పక్కన 1826, 1890 వేస్తే చాలు.

నాలుగోపేజీ:
అట్టవెనక గారూ, మొత్తం మీరే మొదలుపెట్టక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం, టెక్సస్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్ అనే పరిశోధన గ్రంథాలయం కలిసి "ఫర్మ్స్ ఔట్ ఆఫ్ బిజినెస్" అనే డేటాబేస్ నడుపుతున్నాయి. మూతపడ్డ ప్రచురణ సంస్థలు, పత్రికలు అందులో ఉంటాయి. తెలిసినంత వరకు ఆ హక్కులు తర్వాత ఎవరికి వెళ్లాయో ఉంటుంది. ముందు మీ పేర్లన్నీ అక్కడ వెతకండి. దొరకనివి ఇక్కడ పెట్టండి, మ్యాక్‌మిలన్‌కు సంబంధించినవి నేను చూస్తాను.